నాలుగుసార్లు తప్పిన మాలకీ టూహీ

లోకంలో మనుషులు తమ విజయాలను గురించి కోతలు కోస్తారు. మా బళ్ళో రసాయనశాస్త్రం చెప్పే మాలకీ టూహీ మాత్రం తన పరాజయాలను గురించి కోసేవాడు. బడిచదువు ముగించే లీవింగ్ పరీక్ష నాలుగుసార్లు తప్పాననీ, డ్రైవింగు పరీక్ష తొమ్మిదిసార్లు తప్పాననీ, పెళ్ళికి ఒకే అమ్మాయిని మూడు వేసవుల్లో మూడుసార్లు అడిగాననీ, చివరికి ఆవిడ వానలో నిలబడలేక ఒప్పుకుందనీ, పతకాలు చూపించినంత గర్వంగా చెప్పేవాడు.

మాది ఐరిష్ దేశపు క్లేర్ జిల్లాలో కిల్‌బ్రాక్ అనే చిన్న ఊరు. ఏటా ఆగస్టులో లీవింగ్ ఫలితాలు రాగానే, రెండు మూడు పాయింట్లలో వైద్యవిద్య సీటు పోగొట్టుకున్న పిల్లలు వారంరోజులు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మా బడి మేడమీది గదికి వచ్చేవారు. వాళ్ళకు రెండు దారులుండేవి. మరో ఏడాది అవే పుస్తకాలు నమిలి అదే పరీక్ష తిరగరాయడం ఒకటి. ఏదో ఒక డిగ్రీ పూర్తిచేసి, పట్టభద్రుల ప్రవేశపరీక్ష రాసి, చుట్టుదారిన వైద్యకళాశాలకు చేరడం రెండోది. తిరగరాసే పిల్లలను నేను అసమాపక క్రియలు అనేవాణ్ణి: చదివి, రాసి, ఎదురుచూసి... అర్థం ఉంటుంది, వాక్యం పూర్తికాదు. ఉపాధ్యాయుల గదిలో ఈ మాటకు ఒక్కరూ నవ్వలేదు. అందుకు నేను ఇప్పటికీ విచారిస్తున్నాను.

మాలకీ మాటకు మాత్రం మొదటిరోజే గది గదంతా నవ్వేది.

"రసాయనంలో నీకెన్నొచ్చాయిరా?"

"యాభై ఎనిమిది, సార్." తల వంచుకునే జవాబు.

"యాభై ఎనిమిదా! అబ్బో! నాకు ముప్ఫై నాలుగు. అదీ రెండోసారి. మొదటిసారి ఎన్నొచ్చాయో ఆడపిల్లల ముందు చెప్పకూడదు."

మరుసటి ఏడు జీవశాస్త్రంలో దెబ్బతిన్న పిల్లవాడు వస్తే, మాలకీ కూడా అందులోనే డింకీ కొట్టి ఉండేవాడు. "గుండె బొమ్మ గియ్యమంటే ఐదు గదులు గీశాన్రా. ఒకటి అద్దెకిద్దామని!" ఇంగ్లీషులో తప్పినవాడు వస్తే, ఇంగ్లీషులోనే. ఏ పిల్లవాడికి ఎన్ని మార్కులు వచ్చినా, మాలకీకి అంతకంటే తక్కువే వచ్చేవి.

నేను వ్యాకరణం మనిషిని. కాలాలకు పొంతన కుదరకపోతే నాకు అన్నం సయించదు. ఒకనాడు కూర్చుని ఆయన తప్పిన పరీక్షలన్నీ వరసగా పేర్చి చూశాను.

"ఏమోయ్ మాలకీ, నువ్వు చెప్పినవన్నీ నిజమైతే, బడి విడిచేనాటికి నీకు ముప్ఫై ఒకటో ఏడు."

"అందుకే కదటోయ్ పంతులూ, జుట్టంతా అక్కడే రాలిపోయింది!"

ఇలా ఏళ్ళు గడిచాక మేడమీది గదికి బ్రోనా హెహిర్ వచ్చింది. తండ్రి పేరు పాకీ; ఊరూరూ తిరిగి పాలు సేకరించే ట్యాంకరు డ్రైవరు. ఆ పిల్ల ఎనిమిదో ఏటనే, కాలు విరిగిన దూడకు తండ్రి ఆదివారపు టై విప్పి కట్టు కట్టింది. నాటినుంచి డాక్టరు కావడం తప్ప వేరే మాటలేదు. మొదటిసారి లీవింగులో ఆమెను రసాయనం ముంచింది. మాలకీ దగ్గర తిరగరాస్తే రసాయనం ఆకాశానికెక్కింది గాని, ఐరిష్ భాష పాతాళానికి దిగింది. రెండేళ్ళ మార్కులు కలపడానికి వీల్లేదు; ఏ ఏటివి ఆ ఏటివే.

"కలిపితే సీటేంటి సార్, కాలేజీయే రాసిచ్చేవాళ్ళు!" అని పాకీ ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ రెండో ఫలితం మీద బ్రోనాకు గాల్వేలో శరీరధర్మశాస్త్రం డిగ్రీ సీటు వచ్చింది. ఒప్పుకుంటున్నట్టు ఫలానా రోజు మధ్యాహ్నం మూడులోగా తెలియజేయాలి. లేకపోతే ఆ సీటు మరొకరిది. ఆ రోజు ఒంటిగంటకు పాకీ పాలట్యాంకరును తెచ్చి బడి ఆవరణలో నిలిపాడు. పక్కన బ్రోనా. మాలకీ, నేను మెట్లమీద టీ తాగుతున్నాం.

"సార్, మూడోసారికి మా అమ్మాయి పేరు రాసుకోండి," అన్నాడు పాకీ.

"అమ్మాయేమంటోంది?"

బ్రోనా తన బూట్లకేసి చూస్తూ అంది: "రాస్తాను సార్. మీరు నాలుగుసార్లు తప్పి నిలబడ్డారు కదా. నేను రెండిటికే డీలా పడితే ఎట్లా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కుడిచెయ్యి వణుకుతోంది. ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది. మాలకీ ఆ చేతులను చూశాడు.

"అమ్మాయ్, నువ్వు గాల్వే సీటు తీసుకో. డిగ్రీ అయ్యాక అటునుంచి వెళ్దువుగాని."

"మీరు అట్లా చుట్టుదారి పట్టలేదుగా, సార్?"

"నేను..." మాలకీ గొంతు సవరించుకున్నాడు. "నేను అసలు తప్పలేదమ్మా. ఒక్కసారి కూడా తప్పలేదు."

పాకీ ఫక్కున నవ్వాడు. "చూశారా పంతులుగారూ! సారు ఇవాళ కొత్త కోత ఎత్తుకున్నారు!"

"నిజంగా పాసయ్యానయ్యా! బళ్ళో ఫస్టు!"

"ఇంకా నయం, పోపుగారికి మతబోధలో ట్యూషన్ చెప్పాననలేదు!"

నేనూ నవ్వాను; ఒప్పుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ళు ఆ మనిషి అబద్ధాన్ని ఊరంతా నమ్మింది. ఒక్కసారి నిజం చెబితే సాక్ష్యం పలికే నాథుడు లేడు. మాలకీ కప్పు కిందపెట్టి, "రండి, బీరువా జరపాలి," అన్నాడు.

ఆ బీరువా సంగతి చెప్పాలి. ప్రయోగశాల ముందు నడవాలో, సీసాలతో నిండిన నిలువెత్తు బీరువా ఒకటుండేది. వేరే చోట చెమ్మ అంటూ మాలకీ దాన్ని అంగుళం కదలనిచ్చేవాడు కాదు. తనిఖీ అధికారులు దాని పక్కనుంచి ఏటవాలుగా నడిచేవారు. స్థూలకాయుడైన మా ప్రధానోపాధ్యాయుడు రోజూ ఊపిరి బిగబట్టి దాటేవాడు. దాని వెనక ఏముందని మాలో ఎవరమూ అడగలేదు.

సీసాలు దింపేసరికే రెండున్నరయింది. పాకీ భుజం ఆనించాడు, నేను కేకలతో సాయం పట్టాను. బీరువా మూలుగుతూ జరిగింది. వెనక జానెడు దుమ్ము, ఎప్పుడో పోయిందనుకున్న ఆఫ్రికా పటం, గోడకు బిగించిన పాత చెక్కపలక. పలకమీద బంగారు అక్షరాలతో ఆ బడిలో ఏటేటా ప్రథములైనవాళ్ళ పేర్లు. పైనుంచి ఆరోది: మాలకీ టూహీ, అన్ని సబ్జెక్టులలోనూ ప్రథముడు.

మాలకీ దొంగతనం బయటపడ్డవాడిలా తలవంచుకుని నిలబడ్డాడు.

"మరి ఆ ముప్ఫై నాలుగు మార్కులు?" అంది బ్రోనా.

"అవతలివాడికి యాభై ఎనిమిది కదమ్మా. అంతకంటే తక్కువుండాలి."

"ఐదు గదుల గుండె?"

"ఆ పిల్లవాడు మూడు గీసి ఏడుస్తూ వచ్చాడు. వాడికంటే బాగా చెడగొట్టాలా వద్దా?" మాలకీ జేబురుమాలుతో బట్టతల తుడుచుకున్నాడు. "తప్పినవాళ్ళ గదిలోకి ఫస్టొచ్చినవాడు పోయి ఏం ఓదారుస్తాడు? అందుకని నేనూ తప్పాను. తిరగరాసి గట్టెక్కినవాళ్ళు ఆ గదిలో చాలామందే ఉన్నారు. కాదనను. కాని నీకు కావలసింది ఇంకో ఏడు కాదు తల్లీ. నీ చేతులు చూసుకో."

పాకీ చూశాడు. టోపీ తీసేశాడు.

"ఎన్నాళ్ళనుంచే ఈ వణుకు?"

"నిరుటినుంచి, నాన్నా."

"చెప్పవేం?"

"ట్యాంకరుమీద 'డాక్టరుగారి తండ్రి' అని రాయిస్తానని రంగు కూడా కొన్నావుగా."

పాకీ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత, "రంగేం పాడవదులే, ఎనిమిదేళ్ళయినా ఉంటుంది. మూడు కావస్తోంది, ఆ ఫోను తియ్యి," అన్నాడు.

రెండూ యాభై రెండుకు బ్రోనా గాల్వే సీటు ఒప్పుకుంది.

నాలుగేళ్ళ తరవాతి ముచ్చట బ్రోనా నోటే విన్నాను. పట్టా పుచ్చుకుని ప్రవేశపరీక్షకు వెళ్ళింది. పెద్ద హాలు, వందల బల్లలు, మళ్ళీ ఆ పాత వణుకు. లేచి వెళ్ళిపోదామా అనుకుంటున్నప్పుడు వెనకనుంచి ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే, రెండు వరసల అవతల, పెళ్ళినాటి కోటు తొడుక్కుని, నాలుగు పెన్సిళ్ళు చెక్కుకుని, మాలకీ టూహీ! అప్పటికి ఆయనకు అరవయ్యారేళ్ళు. ఉద్యోగ విరమణ కూడా అయిపోయింది.

"సార్! మీరేంటి ఇక్కడ?"

"ష్! పరీక్ష తప్పడానికొచ్చాను. ఈసారి నిజంగా!"

ఆమె నవ్వుకు పర్యవేక్షకురాలు గుడ్లురిమింది. నవ్వు ఆపుకునే తంటాలో బ్రోనా చేతుల సంగతే మరచిపోయి, ప్రశ్నపత్రం తిప్పింది.

ఆమెకు లిమరిక్‌లో వైద్యవిద్య సీటు వచ్చింది. ఆ వార్త చెప్పడానికి మాలకీ మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో తన ఫలితపు కాగితం కూడా ఉంది. విజ్ఞానశాస్త్రంలో ఆయనను ఎవరూ ఏమీ చేయలేకపోయారు. వ్యాసరచన మాత్రం ఘోరం. స్నేహాన్ని గురించి రాయమంటే 'లక్ష్యం, పరికరాలు, పద్ధతి, ఫలితం' అంటూ ప్రయోగశాల నివేదిక రాసి వచ్చాడట.

"సరిగ్గా చూడవోయ్ పంతులూ," అన్నాడు ఆత్రంగా. "ఈ మార్కులకు నాకెక్కడా సీటు రాదు కదూ?"

కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివాను. "ఎక్కడా రాదు," అన్నాను.

మాలకీ మొహం వెలిగిపోయింది. నేను లేచి, ఆ మనిషి స్వయంకృషితో సంపాదించుకున్న మొట్టమొదటి పరాజయానికి, రెండు చేతులూ పట్టుకుని మనసారా అభినందించాను.