పిల్లి ఏదీ, కుక్క ఏదీ

క్లినిక్‌లో నా గదిలో ఒక గోడకి పిల్లి బొమ్మ, ఎదుటి గోడకి కుక్క బొమ్మ ఉంటాయి. అందం కోసం పెట్టినవి కావు, మా ఆయమ్మ పెట్టించింది. నేను చెవి చూడాలంటే ఆవిడ బిడ్డను ఒళ్ళో నా వైపు తిప్పి కూర్చోబెట్టుకుని, చేతులు రెండూ పొట్టకి ఆనించి పట్టుకుని, వెనకనుంచి మెల్లగా "పిల్లి ఏదీ?" అంటుంది. బిడ్డ అటు చూస్తే కుడి చెవి నాకు దొరుకుతుంది. "కుక్క ఏదీ?" అంటే ఎడమ చెవి.

పిల్లల్ని పట్టుకోవడమే ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఉద్యోగం. నేను ఈ క్లినిక్‌కి వచ్చిన కొత్తలో, గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్లవాడి కర్ణభేరి ఎర్రగా కనబడగానే మందు రాయబోయాను. ఆవిడ ఆపింది. ఏడిస్తే ముక్కు ఎర్రబడుతుంది, మొహం ఎర్రబడుతుంది, చెవి మాత్రం ఎందుకు ఊరుకుంటుందని అడిగింది. పది నిమిషాలాగి చూస్తే ఎరుపు సగం పోయింది, ఉబ్బు అసలే లేదు. ఎరుపును నమ్మొద్దు, ఉబ్బు చూడమని నా పుస్తకాల్లోనూ ఉంది. చదివాను, పరీక్ష రాశాను, మరిచిపోయాను.

మాటలు రాని పిల్లలు చెవి నొప్పని చెప్పలేరు. రెండు గుక్కలు తాగి పాలు వదిలేస్తారు, పడుకోబెడితే ఏడ్చి భుజాన వేసుకుంటే ఊరుకుంటారు. బరువు తూస్తూనే తల్లుల దగ్గర ఇవన్నీ రాబట్టి, ఆవిడ నా చెవిన వేసేది. చాలాసార్లు ఆవిడ మాటే నిజమయ్యేది. నాకు ఒళ్ళు మండేది కూడా, దాచుకోవడమెందుకు. అయితే నా కుర్చీలో మీరే కూర్చోండని ఒకసారి అనేశాను. ఆవిడ నవ్వి, ఆ కుర్చీ కిర్రుమంటుంది, నాకొద్దంది.

ఆవిడకి రెండున్నరేళ్ళ మనవరాలుంది. ఇంట్లో బుడ్డది అంటారు. ఆమధ్య దానికి రెండు రోజులు జ్వరం వచ్చింది, నిద్ర లేదు. దవడ పళ్ళు వస్తున్నాయి, చెవి పట్టుకోవడం కూడా లేదని టీ తాగుతూ ఆయమ్మ చెప్పింది. నేను తలూపాను. ఆవిడే చెప్పాక ఇంక చూసేదేముంది? ఊళ్ళో పిల్లలందరి చెవులూ చూసే మేమిద్దరం, ఇంటి పిల్ల విషయం టీ కప్పు దగ్గరే తేల్చేశాం.

రెండు నెలల తర్వాత దగ్గు వస్తోందని బుడ్డదాన్ని తీసుకొచ్చింది. దగ్గుకన్నా దాని మొండితనం మీదే ఆవిడకి ఎక్కువ బెంగ. పిలిస్తే పలకదట, క్రెష్‌లో ఒక మూల కూర్చుని ఆడుకుంటుందట, వాళ్ళు ఇక మావల్ల కాదంటున్నారట. ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెనకనుంచి "పిల్లి ఏదీ?" అంది. బుడ్డది నా చొక్కా గుండీ వైపే చూస్తోంది.

"చూశారా, ఎంత పొగరో," అని గొంతు పెంచి మళ్ళీ అడిగింది. ఈసారి బుడ్డది పిల్లిని వెతికి పట్టుకుని నవ్వింది.

మళ్ళీ మెల్లగా అడగమన్నాను. అడిగింది. పిల్ల కదల్లేదు. ఆయమ్మ తనే దాని చెవి నా వైపు తిప్పి పట్టుకుంది.

రెండు చెవులూ చూశాను. ఎరుపు లేదు, ఉబ్బు లేదు, కర్ణభేరి మాత్రం మసకగా ఉంది. రబ్బరు బుడ్డి నొక్కి కాస్త గాలి ఊదాను. బాగున్న కర్ణభేరి ఆ గాలికి కదులుతుంది, ఇది కదల్లేదు. అప్పుడు వచ్చింది చెవి జ్వరమే అయి ఉంటుంది. నొప్పి పోయింది, లోపల నీరు మిగిలింది. నీళ్ళలో మునిగితే మాటలెలా వినిపిస్తాయో బుడ్డదానికి మనమందరం అలా వినిపిస్తున్నాం.

చాలామంది పిల్లలకి మూడు నెలల్లో అదే ఇంకిపోతుందని, లేకపోతే చెవి డాక్టరుకి చూపిద్దామని చెప్పాను. ఈలోగా ఎదురుగా కూర్చుని, మొహం కనబడేలా, కాస్త గట్టిగా మాట్లాడమన్నాను. ఆవిడ పిల్లని తన వైపు తిప్పుకుని వీపు నిమురుతూ ఉండిపోయింది.

"పొద్దున ఇక్కడే కొట్టాను డాక్టరుగారూ. చెప్పులేసుకోమని మూడుసార్లు పిలిచానని. వినబడని పిల్లని కొట్టాను."

"జ్వరమొచ్చినప్పుడు నేనూ చెవి చూడలేదు కదమ్మా," అన్నాను. ఓదార్పుకి కాదు, అది నిజం.

ఆరు వారాలకి చూస్తే నీరు అలాగే ఉంది. ఆ రోజు ఇద్దరం టీ తాగలేదు. మరో ఆరు వారాలకి మళ్ళీ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ గట్టిగా "పిల్లి ఏదీ?" అంది. బుడ్డది మొహం చిట్లించి, వెనక్కి తిరిగి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అరవకు అమ్మమ్మా."

ఆయమ్మ నా వైపు చూసింది. పిల్ల చెయ్యి మెల్లగా దించి, నాకే సరిగ్గా వినబడనంత చిన్నగా మళ్ళీ అడిగింది. బుడ్డది తల తిప్పి పిల్లిని చూపించింది. గాలి ఊదాను. కర్ణభేరి కదిలింది.

కుక్క ఏదీ అని మాత్రం నేనే అడగాల్సి వచ్చింది. ఆవిడ పిల్ల వీపుకి మొహం ఆనించుకుని ఉంది.