గ్రహణం నాడు కత్తిరించిన దారం

అవును, ఆ రోజు దారం కత్తిరించాను. గ్రహణం పట్టి ఉంది, నాకు ఏడో నెల, మగ్గం మీద లుంగీ సగంలో ఉంది. పోగు తెగిపోతే ముడివేసి, మిగిలిన కొసను కత్తెరతో తీసేశాను. మా అత్త చూసింది. అప్పుడేమీ అనలేదు. తొమ్మిదేళ్లు దాచుకుని అంది.

నా కూతురికి ముద్ద దిగేది కాదు. చపాతీ తింటే గొంతు కింద అడ్డంపడి, కళ్లనిండా నీళ్లతో నావైపు చూసేది. మా ఊరు గుడియాత్తంలో ఎందరు డాక్టర్లకు చూపించినా తగ్గక, చివరికి వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాము. సున్నపునీళ్లలాంటి తెల్లమందు తాగించి ఎక్స్‌రే తీశారు. అన్నవాహికలో దిగుతున్న మందు ఒకచోట నున్నగా ఒంపు తిరిగింది, పక్కనుంచి ఏదో నొక్కుతున్నట్టు. తర్వాత తీసిన స్కాన్‌లో ఆ నొక్కేది కనబడింది. పలుచని గోడ, లోపల నీళ్లు, నిమ్మకాయంత. నరంలోకి మందు ఎక్కించి తీస్తే చుట్టూ అంతా తెల్లగా వెలిగినా దాని లోపల మాత్రం వెలగలేదు, అంటే అందులో రక్తం పారే కండ లేదు, ఉత్త నీళ్లే.

డాక్టరమ్మ తమిళంలో చెప్పింది, "పిరవియిలేయే వంద నీర్‌కట్టి." పుట్టుకతోనే వచ్చిన నీటితిత్తి, కేన్సర్ కాదు, ఆపరేషన్ చేసి తీసేయొచ్చు అని. నాకు ప్రాణం లేచొచ్చింది. మా అత్త చెవిలో మాత్రం 'పిరవి' అన్న మాట ఒక్కటే పడింది.

"పుట్టుకతోనే అంటే నీ కడుపులోనే గదా! గ్రహణంలో ముడేసి దారం కత్తిరించినావు, దాని గొంతులో ముడి పడిండాది. కత్తి పెడితే పోయే దోషమా ఇది? ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు. గుడికి పోయి పరిహారం చేపిద్దాము, పదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. సిగ్గుపడలేదు, అందరి ముందరే అడిగేశాను, గ్రహణంలో దారం కత్తిరిస్తే ఇది వస్తుందా అని. డాక్టరమ్మ నవ్వలేదు, అందుకు ఆమెకు దండం పెట్టాలి. స్కాన్ బొమ్మ మీద వేలు పెట్టి, ఇది రెండో నెలలో, అన్నవాహిక తయారయ్యేటప్పుడే ఏర్పడిపోతుంది, తల్లి ఏం చేసినా చేయకపోయినా, అని చెప్పింది.

రెండో నెల! కడుపుతో ఉన్నానని నాకే సరిగ్గా తెలియని రోజులు. "విన్నావు గదా అత్తా," అని ఆపరేషన్‌కు ఒప్పుకునే కాగితం లాక్కుని సంతకం పెట్టేశాను.

ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక ఒక పొద్దున నా కూతురు దోసె తినేసి, ఇంకొకటి వెయ్యమంది. మా అత్త మెల్లగా నా పక్కకు వచ్చింది.

"నీ తప్పు లేదని డాక్టరమ్మే చెప్పింది గదమ్మా. ఇంకా ఏమిటికి మొగం మాడ్చుకోని ఉండావు?"

"డాక్టరమ్మ నన్ను చూసి నాలుగు దినాలు కాలేదు అత్తా. నువ్వు పదేండ్లుగా చూస్తా ఉండావు. ఆ మాట నువ్వు చెప్పుండాల్సింది."