తెల్ల గౌన్లు ఇస్త్రీ చేసిన అవ్వ

మా చర్చిలో కొత్తవాళ్ళ తరగతి అంటే ఎవరికీ ఇష్టముండదు. క్వయర్‌లో పాడమంటే పోటీ పడతారు. క్రిస్మస్‌కి స్టేజీ అలంకరించమంటే నెల ముందు నుంచే గుంపులు కడతారు. యేసు ఎవరో బొత్తిగా తెలియని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటినుంచీ చెప్పమంటే మాత్రం అందరికీ ఇంట్లో పనులు గుర్తొస్తాయి. తిరిగి తిరిగి ఆ పని నా మెడకు చుట్టుకుంది. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను, తీరిక ఉంటుంది కదా అన్నారు. మా నాన్న మెదక్ చుట్టుపక్కల పల్లెల్లో మిషన్ ఉపదేశిగా సైకిల్ మీద తిరిగిన మనిషి కాబట్టి బోధించడం నా రక్తంలోనే ఉందన్నారు. నా రక్తంలో ఉన్నది షుగరు అని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అయినా ఒప్పుకున్నాను, ఆరేళ్ళయింది.

తరగతి అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. అబిడ్స్‌లో మా చర్చి వెనక ఒక గది, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగినంతసేపూ మూలిగే ఫ్యాను. ఆదివారం రెండో ఆరాధన అయ్యాక అక్కడ కూర్చుంటాం. గోడ అవతల ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్మేవాళ్ళ బేరాలు నా మాటలకంటే స్పష్టంగా వినిపిస్తుంటాయి. నా చేతిలో కమిటీవాళ్ళు అచ్చు వేయించిన చిన్న పుస్తకం ఉంటుంది. ఇరవై ప్రశ్నలు, ఇరవై జవాబులు. రాసినాయన ఎవరోగాని, బయటినుంచి వచ్చిన మనిషితో జన్మలో ఒక్కసారైనా మాట్లాడాడా అని నా అనుమానం. విమోచన అంటాడు, నీతిమంతులుగా తీర్చబడుట అంటాడు. పుట్టినప్పటినుంచీ వింటున్నవాళ్ళం కాబట్టి మా చెవులకు ఆ మాటలు అడ్డం తగలవు. అర్థమయ్యాయా అంటే అది వేరే సంగతి.

పోయిన ఏడాది వానలు తగ్గాక ఆ గదిలోకి ఒకాయన వచ్చాడు. నలభై దాటిన మనిషి, మాటలు తక్కువ. నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో ఇస్త్రీ బండి ఆయనది. మా క్వయర్‌వాళ్ళు ఆరాధనలో వేసుకునే తెల్ల గౌన్లు ఆ బండి మీదనే ఇస్త్రీ అవుతాయి. మూట ఇవ్వడానికి వచ్చి, లోపల ఏం చెప్తారో ఒకసారి కూర్చుని వినవచ్చా అని అడిగాడట. మా చర్చి పెద్దల్లో ఒకాయన రమ్మన్నాడు. రమ్మని ఊరుకున్నాడా, నా ఎదుటే ఇంటిపేరేంటి బాబూ అని అడిగాడు. ఇంటిపేరు ఎందుకు అడుగుతారో ఇస్త్రీ ఆయనకు తెలుసు, నాకు తెలుసు, అడిగిన పెద్దాయనకు మా ఇద్దరికంటే బాగా తెలుసు. మా తాతలు ఏ పీడ వదిలించుకోవడానికి చర్చి మెట్లెక్కారో ఆ పీడను మేం కులాసాగా లోపలికి తెచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టాం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటిపేరు తర్వాత, మంచినీళ్ళు కావాలేమో అడగండి అన్నాను. ఆ పెద్దాయన రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ రెండు వారాలూ హాయిగా గడిచాయి.

ఇస్త్రీ ఆయన నమ్మకంతో వచ్చినవాడు కాదు. ఆ సంగతి మొదటిరోజే చెప్పేశాడు. చనిపోయి మూడోనాడు లేచాడంటే తనకు నమ్మబుద్ధి కావడం లేదన్నాడు. కుష్ఠురోగులను చేత్తో ముట్టుకున్నాడన్న ముచ్చట మాత్రం మనసుకు పట్టిందన్నాడు, ఆ ముచ్చట మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. నేను కృప అనే మాట వాడితే, కృప అంటే ఏంది మేడమ్ అన్నాడు. పుస్తకంలో ఉన్న అర్థం చదివాను. అది కృప కంటే కష్టంగా ఉంది. పావుగంట కుస్తీపడి, చివరికి మనం సంపాదించుకోకుండానే దొరికే మంచి అన్నాను. అట్ల చెప్తే అయిపోయె గదా అన్నాడు. ఊహ తెలిసినప్పటినుంచీ రోజూ వాడుతున్న మాటకు నాకు అర్థం చెప్పడం వచ్చింది ఆ రోజే. ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. మా మీద చిరాకూ పెరిగింది.

పద్నాలుగో ప్రశ్న దగ్గర అంతా చెడింది. యేసును నమ్మకుండా చనిపోయినవారి సంగతి ఏమిటి అన్నది ప్రశ్న. జవాబు రెండే వాక్యాలు. వారికి నిత్యజీవం లేదు, నరకమే అని తేల్చేసి కింద వచనాల నంబర్లు ఇచ్చారు. ప్రతి ఏడూ ఆ పేజీ గబగబా చదివి పదిహేనుకి దాటేసేదాన్ని. ఆ రోజూ అలాగే దాటబోతుంటే ఆయన ఆగమన్నాడు.

వాళ్ళ అమ్మ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మను అవ్వ అంటాడు. పాలమూరు వైపు పల్లెలో కూలి దొరక్క ఆమే కొడుకును తీసుకుని పట్నం వచ్చి, ఆ సందులో బండి పెట్టింది. మా గౌన్లు ఇరవై ఏళ్ళు ఆమే ఇస్త్రీ చేసింది. దేవుడి బట్టలని వాటికి వేరే దుప్పటి పరిచేదట. చేతులు కడుక్కుని గాని ముట్టుకునేది కాదట. కొడుకు ఆ దుప్పటి మీద మామూలు చొక్కా వేస్తే కోప్పడేదట. మొన్నటి వానల్లో జ్వరం వచ్చి చనిపోయింది. ఆమె అంత భయభక్తులతో చేసిన పని ఎవరికోసమో చూద్దామని తను వచ్చానన్నాడు.

“ఇరవై ఏండ్లు మీ తలుపు కాడికి వచ్చింది మేడమ్. మీరెవ్వరు ఒక్క ముచ్చట చెప్పలే ఆమెకు. ఇప్పుడు గీ పుస్తకంల నరకం అని రాసిన్రు. తప్పు ఎవరిది?”

గదిలో ఇంకా కాచిగూడ నుంచి వచ్చే కొత్త జంట ఉన్నారు. వాళ్ళు తలలు వంచుకున్నారు. ఆ సమయంలో ఒక మనిషి చెయ్యవలసిన పని ఏదైనా సరే, నేను చేసింది అది కాదు. పుస్తకం తెరిచి ఆ రెండు వాక్యాలు మళ్ళీ చదివాను. ఈసారి నెమ్మదిగా, వచనాల నంబర్లతో సహా. భయమేస్తే అచ్చులో ఉన్నదాని వెనక దాక్కోవడం మా క్రైస్తవ ఇళ్ళలో పుట్టిన పిల్లలకు చిన్నప్పుడే అలవాటవుతుంది. తప్పు చదివితే సండే స్కూల్లో మొట్టికాయ పడేది, చూసి చదివితే పడేది కాదు. చదవడం అయ్యాక, మిగతాది వచ్చే వారం మాట్లాడుకుందాం బ్రదర్ అన్నాను. ఆయన తనకిచ్చిన పుస్తకం కుర్చీలో పెట్టి, వస్త మేడమ్ అని వెళ్ళిపోయాడు.

నేను తిన్నగా అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. అయ్యగారు అంటే మా పాస్టరు, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, మంచివాడే. అంతా విని నిట్టూర్చాడు. తన సొంత మాట అడిగితే, ఆ తల్లి సంగతి దేవుడి చేతిలో ఉంది, మనకు తెలియదు అన్నాడు. అయితే పుస్తకంలో అలాగే రాయిద్దాం, తెలియదని రాయిద్దాం అన్నాను. తరగతిలో తెలియదంటే కొత్తవాళ్ళు బలహీనపడతారమ్మా అన్నాడు. నాకు ఆ గోడకు తల కొట్టుకోవాలనిపించింది. అయ్యగారి గదిలో తెలియదు, పుస్తకంలో తెలుసు. ఎదుటి మనిషిని బలపరచడానికి అబద్ధమాడటం ఏ కాలేజీలో నేర్పారు బాబూ అని అడిగాను. టీ తాగండమ్మా అన్నాడు. తాగాను, ఏం చేస్తాను.

ఇంటికొచ్చాక కోపం తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. గౌన్ల మూట ఇచ్చి పుచ్చుకునే బాధ్యత పన్నెండేళ్ళపాటు నాదే. పాటగాళ్ళు బట్టలు మార్చుకునే గదికి పక్కన ఒక చిన్న తలుపు ఉంది. ఆ అవ్వ అక్కడికి వచ్చేది. పొట్టి మనిషి, ముదురు రంగు చీర, చెవులకు పెద్ద కమ్మలు. గడప దాటేది కాదు. నేనూ దాటి రమ్మనలేదు. లోపల ప్రాక్టీసు జరుగుతుంటే మూట కింద పెట్టకుండా చేతుల్లోనే పట్టుకుని కాసేపు నిలబడేది. డబ్బుల కోసం నిలబడిందనుకుని చేతిలో పెట్టి పంపేదాన్ని. ఆమెతో ఏమేం మాట్లాడానా అని ఎంత తవ్వుకున్నా నాలుగైదు మాటలే దొరికాయి. కాలర్లు సరిగా రాలేదు. శనివారానికి కావాలి. ఈస్టరు ఉంది, ఆలస్యం చెయ్యకు. ప్రభువు లేచాడని నాలుగు గొంతుల్లో పాడటానికి గౌన్లు కావాలని తొందరపెట్టిన దాన్ని, ఆ లేచినాయన ఎవరో ఒక్క ముక్క చెప్పలేదు. కొత్తవాళ్ళ కోసం సువార్త కూటాలు పెడతాం, మైకులు పెడతాం, కరపత్రాలు పంచుతాం. వాకిట్లో నిలబడ్డ మనిషి మాత్రం మాకు కొత్తమనిషిగా కనిపించలేదు, ఇస్త్రీ మనిషిగా కనిపించింది.

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. గౌన్లు మాత్రం వేళకు వచ్చాయి, ఒక్క ముడత లేకుండా, ఆరాధనకు ముందే ఆ చిన్న తలుపు దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. క్వయర్‌వాళ్ళు తొడుక్కుని పాడారు. నేను ఒక్క పాటా పాడలేకపోయాను.

సోమవారం పొద్దున నాంపల్లి వెళ్ళాను. స్టేషన్ ముందు ఆటో దిగి, లాడ్జీల మధ్య సందులో నడిస్తే బండి కనిపించింది. బొగ్గుల పెట్టె పోయి గ్యాసు పెట్టె వచ్చింది. ఆయన ఎవరిదో ప్యాంటు ఇస్త్రీ చేస్తున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపాడు, కూర్చోలేదు నేను. మీ అవ్వ ఎక్కడుందో నాకు తెలియదు అన్నాను. అయ్యగారికీ తెలియదని, ఆ పుస్తకం రాసినవాళ్ళకూ తెలియదని చెప్పాను. నేనైనా ఆమెతో మాట్లాడి ఉండాల్సింది, మాట్లాడలేదు, తప్పు మాది అని చెప్పాను.

ఆయన ప్యాంటు మడతపెట్టి పక్కన పెట్టాడు. ఆ రోజే తెల్వదని చెప్పి ఉంటే లేచి వచ్చేవాణ్ణి కాదన్నాడు. తెలియని సంగతి తెలియదనడానికి ఇన్ని రోజులు పట్టిందా మేడమ్ అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు, నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. తర్వాత అడిగాడు.

“మా అవ్వ పేరు తెలుసా మీకు?”

తెలియదు. పన్నెండేళ్ళు ఇస్త్రీ అమ్మా అని పిలిచాను. ఆయన పేరు చెప్పాడు. మామూలు పేరు, పాలమూరు పల్లెల్లో వాడకొకరికి ఉండే పేరు.

“గా పేరు చెప్పి మీ దేవునికి జర ప్రార్థన చెయ్యిండ్రి. ఆమె కోసం. ఇంకేం వద్దు.”

ఇక్కడ నా ఇబ్బంది చెప్పాలి. చనిపోయినవాళ్ళ కోసం మేం ప్రార్థించం. మా మిషన్ ఇళ్ళలో అది గట్టి నియమం. ఊపిరి ఆగిన క్షణం నుంచి ఆ మనిషి సంగతి ముగిసిపోయిందని నేర్పారు. మా నాన్న శవపేటిక దగ్గర నిలబడి కూడా మేం ఆయన కోసం ఒక్క మాట అనలేదు, మిగిలిన మా ఓదార్పు కోసమే ప్రార్థించాం. ఆ రోజు గొంతులోకి వచ్చిన మాటను మింగేశాను, అదే భక్తి అనుకున్నాను. ఇప్పుడు ఈయన ఆ ఒక్కటే అడుగుతున్నాడు. ఇది కుదరదు బ్రదర్ అంటే వినయంగా తలూపుతాడు, వచ్చే శనివారం గౌన్లు వేళకు వస్తాయి, ఆయన మాత్రం జన్మలో మా గదిలోకి రాడు.

సందులోంచి బైకులు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. పక్కన చాయ్ తాగుతున్న ఇద్దరు మావైపు చూస్తున్నారు. కళ్ళు మూసుకున్నాను. పరలోకమందున్న అని ఎప్పటిలాగా మొదలుపెట్టబోయి ఆపేశాను. ఆ అవ్వ పేరు చెప్పాను. మళ్ళీ ఒకసారి చెప్పాను.

“ప్రభువా, ఈమె మా బట్టలు ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేది. నీ గురించి మేం ఈమెకు ఏమీ చెప్పలేదు. ఈమెను అడగొద్దు. మమ్మల్ని అడుగు.”

ఆమేన్ అనే ధైర్యం రాక అక్కడే ఆపేశాను.