మునగలేదు, తిరగబడ్డది

మా బావ చేసిన పడవ మా అక్క బరువుకు మునిగిందని మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా దూరపు చుట్టాలందరూ ఇప్పటికీ చెప్పుకుంటరు. పెళ్ళిలో అక్క ప్లేటు పట్టుకుంటే చాలు, ఎవరో ఒకరు మొదలుపెడతరు. ఆ పడవ మునగలేదు. తిరగబడ్డది. ఈ రెండింటికీ తేడా తెలియని వాళ్ళు ఒక మనిషిని నమిలి తింటున్నరు.

బావకు మిర్యాలగూడలో వెల్డింగ్ షెడ్డు. రైస్ మిల్లులకు సామాన్లు, ట్రాక్టర్లకు ట్రాలీలు చేస్తడు. పాలకీడు దిక్కు కృష్ణ ఒడ్డున పొలం కౌలుకు తీసుకున్నంక, సొంతంగా ఇనుప పడవ చేస్తనన్నడు. నది దాకా తీసుకపోవాలంటే తన చిన్న ట్రాలీలో పట్టాలె కదా, అందుకని ట్రాలీ లోపలి కొలతకే పడవ అడుగు కోసిండు. వెడల్పులో పోయిన జాగాను ఎత్తులో రాబట్టుకున్నడు. నడుము దాకా గోడలు, ఆ గోడల మీద అడ్డంగా కూసునే బల్లలు. పడవను నదికి తగ్గట్టు కాకుండా రోడ్డుకు తగ్గట్టు చేసినోడు మా బావ ఒక్కడే అనుకుంట.

నేను కోదాడలో ఫిజిక్స్ చెప్తా. షెడ్డులోనే చెప్పిన, "బావా, ఇది పక్కకు ఒరిగితే మళ్ళా లేవదు."

"చుట్టూ వెల్డింగ్ కొట్టిన మరదలా, చుక్క నీళ్ళు రావు. నీ పాఠం కాలేజీల చెప్పుకో."

చుక్క నీళ్ళు రాలేదు, నిజమే. తన బరువెంతో అంత బరువు నీళ్ళను పక్కకు తోస్తే ఇనుమైనా తేలుతది. ఆయనకు అంతవరకే తెలుసు. నిటారుగా నిలబడటం వేరే సంగతి. పడవ ఒరిగినప్పుడు, నీళ్ళలోకి దిగిన వైపును కింది నీళ్ళు పైకి నెట్టి సరిచేస్తయి. అడుగు వెడల్పుంటే ఆ నెట్టుడు అంచు దిక్కు పడి బాగా పనిచేస్తది. అడుగు సన్నగుండి, బరువంతా పైనుంటే, నీళ్ళు సరిచేసేలోపే ఆ బరువు బోర్లా వేస్తది.

మొదటిరోజు కొబ్బరికాయ కొట్టి అందరూ ఎక్కిన్రు. నేను ఎక్కనని ఒడ్డు మీదనే ఉన్న. బావ, వాళ్ళమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, వాళ్ళ మొగుళ్ళు పై బల్లల మీద కూసున్నరు. మోకాళ్ళ నొప్పులతో బల్ల ఎక్కలేక అక్క అడుగున రేకు మీదనే చతికిలపడ్డది. ఆ పడవలో ఉండాల్సిన చోట ఉన్న బరువు అదొక్కటే.

"వదినా, లే జర, అడుగు ఊడిపోతది."

"మిల్లు బస్తా అనుకొని కింద పడేసిన్రా ఏంది? పైకి లాగున్రి."

నవ్వులు ఒడ్డు దాకా వినబడ్డయి. అక్క కూడా నవ్వింది, ఆమెకు అలవాటే. ఎవరో చెయ్యి అందిస్తే పట్టుకొని లేచింది, బల్ల మీద కూసోబోయింది. పడవ ఒరిగింది. ఇగ ఆగలేదు. అంత లోతు కూడా లేదక్కడ, అందరూ నిలబడి దగ్గుకుంట తేరుకున్నరు. అక్క వాళ్ళ అత్తమ్మ మాత్రం పడవ కింద ఉండిపోయింది.

అప్పటి నుంచి బావ అక్కతో మాట్లాడడు. అక్క ఒంటిపూట తింటది. తినొద్దని ఎవరూ అనలేదు. ఆమె ముద్ద కలుపుతుంటే చూస్తరు, అంతే.

అత్తమ్మ సంవత్సరీకం నాడు నాకు ఓపిక అయిపోయింది. భోజనాలకు ముందు, అందరూ చూస్తుండగా గంగాళం నిండా నీళ్ళు పోసి పొడుగాటి స్టీలు డబ్బా అందులో పెట్టిన. వాకిట్లోని కంకర తెచ్చి డబ్బా అడుగున వేస్తే నిటారుగా నిలబడ్డది. అదే కంకర తీసి మూత మీద పెడితే బోర్లా పడ్డది.

"బరువు అదే," అన్న. "అది అడుగున ఉన్నంతసేపే మీరు పైన కూసొని నవ్వగలిగిన్రు."

"తద్దినం నాడు ఈ డబ్బాలాటేంది?" అంది సూర్యాపేట నుంచి వచ్చిన అక్క ఆడబిడ్డ. బావ డబ్బా దిక్కే చూస్తున్నడు. గెలిచిన అనుకున్న.

వంటింటి గడప దగ్గర నుంచి అక్క అడిగింది, "అంటే, నేను కిందనే కూసుంటే అత్తమ్మ బతికేదా చెల్లె?"

ఫిజిక్స్ ప్రకారం జవాబు అవును. నేను గంగాళంలో పడ్డ కంకర ఏరుకుంట కూసున్న.

అప్పుడు బావ ఏడాదిలో మొదటిసారి అక్కతో మాట్లాడిండు. "ఇన్ని రోజులు నీ బరువు అనుకున్న. కాదట. నువ్వు లేచుడట."

ఆ ఇంట్లో ఇప్పుడు పడవ మునిగిందని ఎవరూ అనరు. తిరగబడ్డదనే అంటరు, లావుది లేచినందుకు తిరగబడ్డదని. లెక్క సరిగ్గానే ఒప్పజెప్తరు, నేను చెప్పిన లెక్కే. మరి ముందుగా ఆమెను లెమ్మన్నది ఎవరు, లేపిన ఆ చెయ్యి ఎవరిది? మా అక్క మొహం చూసి చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరైనా ఉన్నరా?