కూకుని కననిస్తారేటి?

నాకు తెలిసిన ఒక కాలేజీ పేరు ఆమెకు చెప్పలేదు. ఆమె జీతం కోసం కొండ దిగిపోయిందని మా అరకు ఆస్పత్రిలో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు.

ఆమె నాకు జూనియర్ నర్సు. పై ఊళ్ల నుంచి నొప్పులతో వచ్చే ఆడవాళ్లు గుమ్మంలోనే ఆమెను అడిగేవారు. మంచమెక్కడానికి భయపడి, ఇంట్లోలా గొంతుక్కూర్చునే కంటామనేవారు. డాక్టరుగారు ఒప్పుకునేవారు కాదు. అది పద్ధతిగా నేర్చుకొస్తానని ఆమె ఎమ్మెస్సీ నర్సింగ్ కాలేజీలు వెతికింది. ఎక్కడికి ఫోన్ చేసినా ఫీజు కంటే ముందు ఒకటే ప్రశ్న: "మీ కాడ కూకుని కననిస్తారేటండీ?"

అవతల నవ్వు వినపడితే ఫోన్ చేత్తో మూసి, "సన్నాసోళ్లు! ఆళ్లమ్మ ఏలాడుతూ కన్నాదేటి?" అని మాకేసి కన్నుగీటేది.

అలా కననిచ్చే కాలేజీ ఒకటుంది. అక్కడే వేరే కోర్సుకు వెళ్లి, సీటు రాక నేను తిరిగొచ్చాను. వాళ్ల ఆస్పత్రిలో పురుళ్ల గదిని కళ్లారా చూశాను.

"అన్నా, నీకేటైనా తెలుసేటి?" అని ఆమె అడిగింది.

"అలాంటివి ఎక్కడుంటాయే గుంటా" అన్నాను. నాకు దక్కనిది ఆమెకు దక్కుతుందన్న కుళ్లు.

చివరికి విసిగి, విశాఖలో దొరికిన ఆస్పత్రి నిర్వహణ కోర్సులో చేరింది. అది ముగించి ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతోంది.

మొన్న విద్యార్థులతో మా ఆస్పత్రికి వచ్చింది. "జీతం రుసి మరిగి మమ్మల్ని మర్సిపోనావేటమ్మా?" అంది ఆయా. ఆమె నవ్వేసింది.

నేను ఊరుకోలేక అందరి ముందూ అన్నాను: "సెల్లీ, నువ్వెతికిన కాలేజీ నాకప్పుడే తెలుసు. నీకు సీటొచ్చేస్తాదని కుళ్లుకుని సెప్పలేదు. తప్పయిపోనాదమ్మా, నన్ను సెమించు."