పెద్ద మేడమ్ అడిగిన ఒర్చాతా

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే కోపిష్టి మా మేనత్త. గోదావరి లంకల్లో మా ఊరు. ఆవిడ పుట్టింటికి వచ్చిందంటే మా నాన్నా, బాబాయీ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. అలాగని ఊరికే అరిచే మనిషి కాదు. ఇప్పుడు నాకు మనవలున్నారు, దుబాయ్‌లో ఒకరింట్లో పనిచేసుకుంటున్నాను. నా కోపం చూసి తోటివాళ్ళు ఎవరి పోలికమ్మా నీది అని నవ్వుతారు. ఇంకెవరి పోలిక? ఆవిడదే.

మా నాయనమ్మకి చూపు పోయి, మంచం పట్టి, తిండి సయించని రోజులవి. ఉన్నట్టుండి జున్ను తినాలనుంది అని అడిగింది. మా వీధిలో ఏ గేదే ఈనలేదు. పక్క ఊరు వెళ్ళి జున్నుపాలు అడిగి తెస్తానని బయలుదేరిన బాబాయి, దారిలో పేకాట దగ్గర కూర్చుండిపోయాడు. ఇంటికొచ్చి మామూలు పాలల్లో కోడిగుడ్డు గిలక్కొట్టి, బెల్లం, మిరియాలపొడి కలిపి ఆవిరి మీద ఉడికించి ఇచ్చాడు. నాయనమ్మ ఓ ముక్క నోట్లో పెట్టుకుని, "ఇది జున్నులా లేదురా" అంది. "జున్నేనే అమ్మా, నీ నోరే చచ్చిపోయింది" అన్నాడు. ఆవిడ కాసేపు నమిలి, అవునేమోలే అంది. ఇక ఆ తర్వాత ఏదీ అడగలేదు. ఏం పెట్టినా, నాకేం తెలుస్తుంది, మీ ఇష్టం అనేది.

ఆ రోజుల్లో పుట్టింటికొచ్చి ఉన్న మా మేనత్త పొయ్యి పక్కన గుడ్డు పెంకులు చూసి అంతా కనిపెట్టేసింది. అప్పుడే గోదారికి ఎర్రనీరు వచ్చి, అందరూ పులస కోసం ఎదురుచూస్తున్నారు. మా బాబాయికి పులస అంటే ప్రాణం. కళ్ళకు గంతలు కట్టి పెట్టినా పులసేదో, సముద్రంలోంచి పట్టిన ఇలసేదో చెప్పేస్తానని గొప్పలు పోయేవాడు. మేనత్త సముద్రపు ఇలస తెప్పించి, బెండకాయలేసి దాకలో పులుసు పెట్టింది. ఎవరడిగినా పులసే అనాలని ఇంటిల్లిపాదికీ చెప్పింది, పిల్లలతో సహా.

బాబాయి మొదటి ముద్దకే మొహం చిట్లించి, ఇది పులస కాదన్నాడు. "పులసేరా. నీ నోరే చచ్చిపోయినట్టుంది" అంది మేనత్త. అమ్మ పులసే అంది. నాన్న తలొంచుకుని పులసే అన్నాడు. నేనూ అన్నాను. బాబాయి ఇంకో ముక్క తిన్నాడు. ఇంకోటి. మొహం ఎర్రబడింది. నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారా అని కంచం తోసేశాడు. అప్పుడు చూడాలి మా మేనత్తని! "కోపమొచ్చిందా? నీకైతే కోపమన్నా వచ్చింది. అమ్మకి అదీ రాలేదు. నీ మాట నమ్మేసి, తన నోరే పాడైపోయిందనుకుంటోంది. వెళ్ళు. వెళ్ళి అది జున్ను కాదని చెప్పి రా."

చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళి చెప్పాడు. నాయనమ్మ తిట్టలేదు. అయితే నా నోరు బాగానే ఉందన్నమాట అని, ఆ పూట ఆవిడే అడిగి చారన్నం తింది.

ఇదంతా దుబాయ్‌లో ఒక గ్లాసు పట్టుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది. కరోనా తగ్గాక నేను చేరిన ఇంట్లో ఒక స్పెయిన్ ముసలావిడ, ఆవిడ కొడుకు ఉండేవాళ్ళు. కొడుకుని సార్ అనీ, ఆవిడని పెద్ద మేడమ్ అనీ పిలిచేదాన్ని. ఆవిడకి మతిమరుపు జబ్బు. నిన్నటిది గుర్తుండదు గానీ, చిన్ననాటిది చెప్పమంటే నాతో ఇంగ్లీషులోనే పూస గుచ్చినట్టు చెప్పేది. ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు తాగడం కూడా మానేసింది. ఏమిచ్చినా పెదాలు బిగించేసి, ఒర్చాతా, ఒర్చాతా అనేది. వాళ్ళ వాలెన్సియా వైపు పల్లెల్లో తాగే చల్లటి తెల్లటి పానీయమట.

సార్ ఫోన్‌లో ఏదో కేఫ్ నుంచి తెప్పించాడు. అసలు సిసలు స్పెయిన్ ఒర్చాతా అని గ్లాసు మీద రాసుంది. పెద్ద మేడమ్ ఒక్క గుక్క తాగి తల అడ్డంగా ఊపింది. కాదు, ఇది కాదు అంది. సార్ కంప్యూటర్ మీదనుంచి తల కూడా ఎత్తకుండా, నా ముందు మాట్లాడే ఇంగ్లీషులోనే, "ఇదే అమ్మా, నువ్వే మర్చిపోయావు" అన్నాడు. ఆవిడ గ్లాసు వంక చూసింది, నా వంక చూసింది. "మర్చిపోయానా?" అని నన్నడిగింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నీ జారిపోతున్న మనిషికి గట్టిగా మిగిలింది ఆ ఒక్కటే. దాన్నీ కాదంటావా నువ్వు? కన్నతల్లిని! కానీ పైకి అనలేకపోయాను. నా వీసాకి పూచీ ఉన్న కఫీల్ ఆయనే. నోరు జారితే మర్నాడు ఊరి విమానం ఎక్కాలి.

మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని ఎలా చేస్తారో అడిగాను. వేళ్ళతో చేసి చూపించింది. గడ్డిమొక్క కింద భూమిలోంచి తవ్వే చిన్న చిన్న ముడతల గడ్డలు. నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి, పంచదార కలపడమే. పాలు వెయ్యరు, బియ్యం వెయ్యరు, పొయ్యి మీద పెట్టరు. మా చేలల్లో కలుపు తీసేటప్పుడు చేతికొచ్చే తుంగ గడ్డల్లాంటివేనని అర్థమైంది.

సెలవురోజున ఆ కేఫ్‌కే వెళ్ళాను. కౌంటర్లో మన తెలంగాణ అతనే ఉన్నాడు. ఇందులో ఏం కలుపుతారయ్యా అని నిలదీశాను.

"బియ్యం, పాలపొడి, దాల్చినచెక్క. గంతే అక్కా. ముదీర్ ఏం రాయమంటే గది రాస్తం."

"తాగేవాళ్ళు అది కాదంటే?"

"గిప్పటిదాంక ఎవ్వరు అనలే. వాళ్లకేం ఎరుక అక్కా, ఖలాస్."

ఒళ్ళు మండిపోయింది. అతణ్ణి ఏమనను? ముదీర్ అంటే మేనేజరు, ఆయన మాట దాటితే నాలాగే అతనికీ కూడు పోతుంది. అయినా పెట్టాల్సిన నాలుగూ పెట్టాను. ఒక ముసలావిడ అంది అది కాదని, దానికి ఆవిడ మతి పోయిందన్నారు, తెలుసా నీకు అన్నాను. పాపం అతని మొహం చిన్నబోయింది. తనే ఫోన్ తీసి వెతికి ఆ గడ్డల బొమ్మ చూపించాడు. "అయ్యో, గివ్వా? మా రూము కాడ అజ్మాన్‌ల మసాల దుకాణంల సంచులల్ల పోసి అమ్ముతరు" అన్నాడు.

ఆ ఎండలో బస్సెక్కి అజ్మాన్ వెళ్ళాను. దుకాణం పెద్దాయన ఈజిప్టువాడు, వాటిని హబ్ అల్ అజీజ్ అన్నాడు. వాళ్ళ దేశంలో ఊరికే నమిలి తింటారట. కొని తెచ్చి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే మెత్తగా రుబ్బి, పలచటి గుడ్డలో గట్టిగా పిండాను. ఆ పిండడంలో నా కోపమంతా పోయిందనుకున్నాను. పోలేదు.

పెద్ద మేడమ్ ఒక గుక్క తాగి ఆగింది. తర్వాత రెండు చేతులతో గ్లాసు పట్టుకుని సగం దాకా తాగేసింది. కిందటి వారం నుంచి చెంచాలతో బతిమాలి పోస్తున్న మనిషి! పక్కనే ఉన్న సార్ సంతోషంగా నా భుజం తట్టి, చాలా థాంక్స్, ఇకమీదట ఇదే చెయ్యి అన్నాడు. అక్కడితో ఊరుకుంటే నా ఉద్యోగానికి ఏ ఢోకా లేదు.

ఊరుకోలేదు. నాకొచ్చిన ఇంగ్లీషులోనే అడిగేశాను. "సార్, మొన్నటిది ఒర్చాతా కాదని ఆవిడకి చెప్పండి."

"ఎందుకిప్పుడు? తాగుతోంది కదా. చెప్పినా రేపటికి మర్చిపోతుంది."

"రేపు మళ్ళీ చెప్పండి. ఆవిడ మర్చిపోలేదు సార్. మీరు మర్చిపోయావన్నారు."

గొంతు పెరిగిందని నాకే తెలిసింది. ఆయన మొహంలో రంగు మారింది. అయిపోయింది, ఇక పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. ఆయన వెళ్ళి తల్లి కుర్చీ ముందు నేల మీద కూర్చుని వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. ఆవిడ విన్నది. విని, కొడుకు బుగ్గ మీద ఛెళ్ళున ఒక్కటి ఇచ్చింది. ఆ చేత్తోనే గ్లాసు తీసుకుని, మిగిలింది తాగి, ఇంకా పొయ్యమని నా ముందుకు చాపింది.

నా ఉద్యోగం పోలేదు. పోయినా అదే అడిగేదాన్ని. ముసలివాళ్ళకి, రోగులకి, కళ్ళు లేనివాళ్ళకి ఏం తెలుస్తుందిలే అని ఎవరన్నా అంటే ఈ వయసులో కూడా వాళ్ళతో గొడవకి దిగుతాను. క్లినిక్‌లో డాక్టరమ్మ బీపీ చూసి కోపం తగ్గించుకోమంటుంది. మాత్ర వేసుకుంటున్నాను. కోపం మాత్రం తగ్గించుకోను.