తామర గుంటలో రబ్బరు షీట్లు

మా నాయనమ్మ పోయిన కొన్నాళ్ళకు నాన్నకు పెరట్లో తామర గుంట తవ్వాలనిపించింది. డెబ్భైల్లో మాట. అప్పుడు నేను తిరువూరు హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను, నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా. నాయనమ్మ చాలాకాలం మంచంలోనే ఉండి చనిపోయింది. ఆమె మంచం తీసేశాక సాయంత్రాలు ఇంట్లో కూర్చోలేక నాన్న పలుగూ పారా పట్టుకుని పెరట్లోకి వెళ్ళేవాడు.

గుంట తవ్వడం తేలికే అయింది. నీళ్ళు నిలపడమే కష్టమైంది. మాది ఎర్ర గరప నేల, ఎన్ని బిందెలు పోసినా తాగేసేది. చెరువు మట్టి తెప్పించి మెత్తితే ఎండకు నెర్రెలిచ్చింది. సిమెంటుకు పర్మిట్ కావాలి. ఇల్లు కట్టుకునేవాళ్ళకే దొరకని సిమెంటును తామర పూల కోసం అడగడానికి నాన్నకు మొహం చెల్లలేదు. విజయవాడ నుంచి నల్ల ప్లాస్టిక్ షీటు తెచ్చి పరిస్తే పందికొక్కులు కింది నుంచి కొరికేశాయి.

అప్పుడు నాన్నకు అటక మీద చుట్టిపెట్టిన రబ్బరు షీట్లు గుర్తొచ్చాయి. నాయనమ్మ పరుపు తడవకుండా దుప్పటి కింద పరిచినవి. ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం. రోజూ వాటిని బావి దగ్గర ఫినాయిలు వేసి కడిగింది అమ్మే.

"వాటినా?" అంది అమ్మ.

"రబ్బరంత గట్టిది ఇంకేముంది? చిరగదు, కుళ్ళదు" అన్నాడు నాన్న.

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నాన్న సైకిల్ షాపు నుంచి సొల్యూషన్ తెచ్చి, షీట్లను ఒకదానికొకటి అంటించి గుంటలో పరిచాడు. నీళ్ళు నిలిచాయి. గంపలగూడెం వైపు చెరువులోంచి తెచ్చిన దుంపలు ఆకులేశాయి.

కానీ గట్టు చుట్టూ ఎర్రటి అంచు పైకే కనబడుతుండేది. పక్కింటి టైలరుగారమ్మాయి నా క్లాసే. గుంట చూడ్డానికొచ్చి, నీళ్ళలో చెయ్యి పెట్టి ఆకు లాగుతూ ఆ అంచు చూసింది.

"ఇది మీ నాయనమ్మ కింద వేసేది కదూ?" అంది మెల్లగా.

నేను విననట్టు ఇంకో ఆకు చూపించాను. ఆమె ఇంకేమీ అడగలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం బావి దగ్గర ఆగి సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. తర్వాత నేను రాళ్ళేరుకొచ్చి అంచంతా కప్పాను. స్కూల్లో ఆమె నా పక్కన కూర్చున్నప్పుడల్లా నా ఒంటికే ఆ ఫినాయిలు వాసన అంటుకుందేమోననిపించేది.

సంవత్సరీకానికి రెడ్డిగూడెం నుంచి నాన్న అక్క వచ్చింది. భోజనాలయ్యాక చుట్టాలందరూ పెరట్లో చేరారు. తామర మొగ్గ చూద్దామని అత్తయ్య గట్టు మీద కూర్చుంటే ఒక రాయి జారింది. ఆమె ఆ అంచును వేళ్ళతో తడిమి చూసింది.

"ఏంట్రా తమ్ముడూ ఇది? అమ్మ పక్క మీదిదా?"

"కడిగిందేలే అక్కా" అన్నాడు నాన్న.

"కడిగితే మాత్రం? అమ్మ పడుకున్న దాంట్లో పూలు పెంచుతావా? నలుగురూ ఏమనుకుంటారు?"

ఎవరో గ్లాసు కింద పెట్టి పక్కకు జరిగారు. నేను అరుగు స్తంభం చాటుకు వెళ్ళాను. అప్పుడు అమ్మ ఎంగిలి విస్తరాకులు ఎత్తడం ఆపి వచ్చింది.

"కడిగింది నేనే వదినగారూ. అవి శుభ్రంగా ఉన్నాయో లేదో నాకు తెలుసు. మీరు వచ్చి చూసుంటే మీకూ తెలిసేది."

అమ్మ అత్తయ్యకు ఎదురుచెప్పడం అదే మొదటిసారి. అత్తయ్య కళ్ళు నిండాయి. నాయనమ్మ జబ్బుగా ఉన్నప్పుడు ఆమె చూడ్డానికి రాలేకపోయిన సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఎవరి మొహం చూడాలో తెలియక నేను నేలచూపులు చూశాను. నాన్నను చూసి సిగ్గుపడ్డాను, అత్తయ్య ఏడుస్తుంటే ఇంకా సిగ్గుపడ్డాను.

చుట్టాలు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయారు. నాన్న బక్కెట్టుతో గుంటలో నీళ్ళు తోడడం మొదలుపెట్టాడు.

"పరిచేటప్పుడు నన్నడగలేదు. ఇప్పుడు తీసేటప్పుడూ అడగరా?" అంది అమ్మ.

నాన్న బక్కెట్టు దించాడు. "తప్పయింది" అన్నాడు, నేనక్కడున్నానని చూడకుండా. "ఏం చెయ్యమంటావు?"

"తీసెయ్యండి. మొదటి నుంచీ నాకు చూడబుద్ధి కాలేదు."

ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని బురదతో సహా షీట్లను బయటికి లాగారు. నన్నెవరూ పిలవలేదు. కాసేపు చూసి, నేను కూడా వెళ్ళి మధ్యలో పట్టుకున్నాను.